బెణుకు పునరుద్ధరణ

ఆట రసపట్టులో ఉన్నప్పుడు చూసేవాడు కూర్చున్న చోటు నుంచి కదిలితే ఆడేవాడు ఓడిపోతాడని మనవాళ్ళకు గట్టి నమ్మకం. మంచినీళ్ళ కోసం లేచిన బావమరిది గదిలో ఒక కాలు, వసారాలో ఒక కాలు వేసి ఉండగా మనవాడు బంతిని బౌండరీ దాటించాడనుకోండి. ఆ బావమరిది ఆట ముగిసేదాకా అదే గడప మీద అదే భంగిమలో నిలబడాలి. పెద్దాయన స్నానాల గదిలో ఉండగా అవతలి జట్టు వికెట్ పడితే, బయట గడియ పెట్టి ఆయనను అక్కడే ఉంచేసిన కుటుంబాలున్నాయి. ఆయనకు టిఫిన్ కిటికీలోంచి అందించారు గాని తలుపు తియ్యలేదు. ఆడేచోటుకూ చూసేచోటుకూ మధ్య సముద్రాలున్నా ఈ సూత్రానికి అడ్డంకి కాదు. ఇంతకాలమూ ఈ నమ్మకం ఇళ్ళలోనే, ఏ అధికారిక గుర్తింపూ లేకుండా బతికింది. ఆ గుర్తింపు దానికి రేవుపట్నంలో, అదీ బేస్‌బాల్ మూలంగా లభించింది.

రేవుకు ఓడలు రావడం తగ్గాక రేవుపట్నం రేవు అభివృద్ధి మండలికి తీరిక దొరికింది. తీరికను వృథా చేయడం నిబంధనలకు విరుద్ధం కనుక మండలి ఒక క్రీడాజట్టును పోషించాలని తీర్మానించింది. క్రికెట్ జట్టు దాని స్తోమతకు మించినది. కబడ్డీలో హుందాతనం చాలదని అధ్యక్షులు గండికోట వరాహమూర్తి గారు అభిప్రాయపడ్డారు. సరుకులు దించే మైదానం ఖాళీగా పడి ఉంది కాబట్టి బేస్‌బాల్ ఖాయమైంది. ఆ విధంగా ‘రేవుపట్నం కెరటాలు’ అనే వృత్తి జట్టు ఏర్పడి, దక్షిణాది లీగులో చేరి, ఆటగాళ్ళకు నెలజీతాలిచ్చి, ఓడిపోవడం ప్రారంభించింది.

ఆట తెలియని వారికి ఇంతమాత్రం చాలు: కర్రతో బంతిని కొట్టినవాడు నేల మీద పరిచిన మూడు దళసరి సంచులను వరసగా తొక్కి, బయలుదేరిన చోటికి తిరిగి వస్తే ఒక పరుగు. ఆ సంచులను బేసులంటారు. బంతి కంచె దాటిపోతే తాపీగా నడిచి రావచ్చు గాని, ఏ బేసునూ తొక్కకుండా వదలకూడదు. ఇరుజట్లూ వంతులవారీగా తొమ్మిది ఇన్నింగ్స్‌లు ఆడతాయి. పట్నం జనం మొదట్లో దీన్ని వికెట్లు ఎవరో ఎత్తుకుపోయిన క్రికెట్ అనుకున్నారు. క్రమేణా ఆటకు అలవాటుపడ్డారు. ఓటమికి అంతకంటే ముందే అలవాటుపడ్డారు.

జట్టులో కొట్టడం తెలిసినవాడు మైలపల్లి కొర్లయ్య. చేపల వేటకు పోయే కుటుంబంలో పుట్టి, వ్యాయామ కళాశాలలో ఈ ఆట నేర్చి, భుజబలంతో పాటు కొంత అహంకారం కూడా సంపాదించుకున్నాడు. తాను లేకపోతే జట్టు లేదన్నది అతని అభిప్రాయం. అతనున్నా జట్టు ఓడిపోతూనే ఉండటం వల్ల ఆ అభిప్రాయాన్ని పరీక్షించే అవకాశం ఎవరికీ రాలేదు.

ఆ అవకాశం మన్నెంకొండ గుర్రాల జట్టుతో జరిగిన పోటీలో వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లోనే కొర్లయ్య బంతిని కొట్టి, పరుగెత్తి, మొదటి బేసు మూల మీద కాలు పెట్టాడు. సంచి జారింది, చీలమండ మెలిపడింది. ఇద్దరు మోసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఫిజియో సబీనా అతని కాలిని మంచుగడ్డల బకెట్‌లో ముంచి, “అరవకు తమ్ముడూ, బెణుకే గాని విరగలేదు,” అంది. తక్కిన ఆట అతను బకెట్‌లోంచే చూశాడు. అవతలి పిచర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, జ్వరం. రెండుసార్లు వాళ్ళ ఫీల్డర్లు ఒకరినొకరు గుద్దుకున్నారు. కెరటాలు గెలిచాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మన ప్రాంతంలో ఏ కార్యక్రమమైనా ముఖ్య అతిథి విచ్చేశాకే మొదలైనట్టు లెక్క. అంతకుముందు జరిగినదంతా ఏర్పాట్లు. వరాహమూర్తి గారు తమ సిబ్బందితో మైదానానికి విచ్చేసినది మూడో ఇన్నింగ్స్‌లో. కాబట్టి మండలి దృష్టిలో ఆట మొదలైనది మూడో ఇన్నింగ్స్‌లో. వారు వచ్చేసరికి కొర్లయ్య బెంచీ మీద ఉన్నాడు, కాలు బకెట్‌లో ఉంది. అతను పుట్టుకతోనే అలా ఉన్నాడో, మధ్యలో వచ్చిన మార్పో విచారించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

విజయానికి కారణాలు తేల్చడానికి మర్నాడే సమావేశం జరిగింది. శిక్షకుడు పూడిపెద్ది మార్కండేయులు లేచి, “వాళ్ళ పిచర్‌కి జ్వరమండి,” అన్నాడు.

“అది వారి అపజయానికి కారణం,” అంది ప్రత్యేకాధికారిణి ప్రమీలారాణి. మండలిలో ఆమె మాటకు ఎదురు లేదు. మాట్లాడేటప్పుడు కూడా ఆమె ఉత్తర్వుల భాష వదలదు. “మనము విచారించుచున్నది మన విజయమునకు గల కారణములను. రెండును వేర్వేరు దస్త్రములు.”

వరాహమూర్తి గారు తమ అనుభవం చెప్పారు. వారింట్లో ఎవరూ కదలకుండా కూర్చున్న ప్రతిసారీ దేశం గెలిచిందట. ఓడిన సందర్భాల్లో విచారిస్తే ఎవరో ఒకరు కదిలినట్టు తేలిందట. అందరూ తలలూపారు. ‘విజయ పరిస్థితుల పరిరక్షణ సంఘం’ ఆ పూటే ఏర్పడింది, సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది: “విజయదినమున ఎవరెవరు ఏయే స్థానములందు, ఏయే భంగిమలందు, ఏయే చర్యలందు నిమగ్నులై యుండిరో, మిగిలిన పోటీలన్నింటియందును వారు వారు వానిని తు.చ. తప్పక పాటింపవలెను.”

ఉత్తర్వును మండలి పక్షపాతం లేకుండా అమలు చేసింది. ఆ రోజు వరాహమూర్తి గారు కొత్త బూట్లు కరుస్తుండగా, డాక్టరు వద్దన్న మిరపకాయ బజ్జీలు తింటూ ఆట చూశారు. కాబట్టి ఆ బూట్లు, ఆ బజ్జీలు వారికి విధులయ్యాయి. గొడుగు అడ్డమొస్తోందని ఒక గుమాస్తాతో పోట్లాడిన పల్లీల బంగారమ్మ ప్రతి ఆటలోనూ అతనితో పోట్లాడాలి. పాత తిట్లే వాడాలి, కొత్తవి అనుమతించబడవు. మూడో వరసలో గురకపెట్టిన హెడ్మాస్టరును కారు పంపి పిలిపించారు. ఆయన మర్యాదస్తుడు, పదిమంది చూస్తుండగా నిద్రపట్టక కళ్ళు మూసుకుని శాయశక్తులా కృషి చేశారు. ఆ రోజు మార్కండేయులు ఒకసారి చెవి గోక్కున్నాడని వీడియోలో కనబడింది. ఏ చెవో తేలేవరకూ రెండూ గోక్కోమన్నారు.

కొర్లయ్య ఆ ఉత్తర్వు విని మొదట నవ్వాడు. పోటీ రోజున బెంచీ ముందు మంచు బకెట్ చూసి నవ్వు ఆపేశాడు.

“ఏటండి మేడమ్ ఇది? నా కాలు బాగైపోనాది. చూడండి!” అని గెంతి చూపించాడు.

“గెంతరాదు,” అంది ప్రమీలారాణి. “విజయదినమున తమరు గెంతలేదు.”

“ఆ రోజు ఆడ్డానికి పనికిరాక కూకున్నానండి. ఇప్పుడు పనికొస్తాను.”

“తమరు పనికివచ్చిన పోటీలన్నిటిలో జట్టు ఓడినది. పనికిరాని ఒక్క పోటీలో గెలిచినది. ఈ గణాంకములు మండలి సృష్టించినవి కావు కొర్లయ్య గారూ, తమ జట్టువే.”

కొర్లయ్య శిక్షకుడి వైపు చూశాడు. మార్కండేయులు చెవి గోక్కుంటున్నాడు.

“గురువుగారూ, మీరైనా సెప్పండి!”

“నేనేం చెప్పేదిరా? ఇంకో చెవి కూడా గోక్కోవాలి, నా పని నాకుంది. కాలు పెట్టెయ్యి బకెట్లో.”

పెట్టాడు. కెరటాలు ఆ పోటీ ఓడిపోయాయి. సంఘం విచారణ జరిపి, విజయదినాన బకెట్‌లో ఉన్నది పగలగొట్టిన పెద్ద దిమ్మ మంచు, ఈసారి పోసినది ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పలకల మంచు అని కనుగొంది. తర్వాతి పోటీకి దిమ్మ మంచు తెప్పించారు. అదీ ఓడిపోయారు. ఈసారి బంగారమ్మ ఉత్సాహం కొద్దీ గుమాస్తా వంశాన్ని కూడా ప్రస్తావించిందనీ, అది మూలపాఠంలో లేదనీ తేలింది. ఆమెను మందలించారు. ఆమె మందలించినవాడి వంశాన్ని ప్రస్తావించింది.

ఇక మిగిలినది ఒక్క పోటీ, ఇనుపరేవు సింహాలతో, సొంత మైదానంలో. ఆ ఆటకు జాతీయ జట్టు ఎంపికదారులు ఇద్దరు వస్తున్నారని సబీనాయే కొర్లయ్యకు చెప్పింది. బకెట్ పక్కన కూర్చుని అతని కాలు తుడుస్తూ చెప్పింది.

“నీ కోసమే అనుకుంటున్నారు తమ్ముడూ. కాలేజీలో నువ్వు కొట్టింది ఎవరో చూశారట. వాళ్ళకి ఇంకో ఆట చూసే తీరిక లేదు. ఒక్కసారి కొట్టి చూపిస్తే చాలు.”

“కాలు బకెట్లో ఎట్టుకుని ఎలా కొట్టీదక్కా? వాళ్ళేటి చూస్తారు, నా మడమ తెల్లబడ్డం చూస్తారా?”

సబీనా ఆ మడమ చూసింది. నిజంగానే ఆ కాలు రెండోదానికంటే తెల్లగా, ముడతలు పడి, ఎవరో పెద్దవాళ్ళ కాలిలా ఉంది. “మీటింగులో అడుగు,” అంది. “అరవకుండా అడుగు.”

కొర్లయ్య సమావేశానికి వెళ్ళాడు. వెళ్ళేసరికి సంఘం అతని కాలి గురించే చర్చిస్తోంది. తన గోడు విన్నారని ఒక్క క్షణం సంతోషించాడు.

“రెండు ఓటములకును మూలకారణము లభించినది,” అంది ప్రమీలారాణి. “విజయదినమున బకెట్‌లో ఉన్నది బెణికిన కాలు. తదుపరి పోటీలలో ఉన్నది ఆరోగ్యవంతమైన కాలు. అనగా ఇన్నాళ్ళును నకిలీ కాలితో మనము విజయమును కోరుచున్నాము. కావున సదరు అంగమును విజయదినము నాటి స్థితికి పునరుద్ధరింపవలెనని ప్రతిపాదన.”

వరాహమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆసుపత్రి వాళ్ళను అడిగారా?”

“అడిగితిమి. ఆసుపత్రి బెణుకులను తగ్గించునే గాని సరఫరా చేయదని జవాబిచ్చిరి.”

“మరి మన ఇంజినీరింగ్ విభాగం?”

“సిద్ధముగా ఉన్నారు. శాఖాపరముగా చేయుటయా, టెండరు పిలుచుటయా అన్నదే సందేహము.”

కొర్లయ్య రెండు కాళ్ళనూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. “బాబూ! ఇది నా కాలండి!”

“కాలు తమదే. బెణుకు జట్టుది,” అంది ప్రమీలారాణి.

“టెండరు పిలిస్తే ఎవడొస్తాడో ఏంటో,” అన్నారు వరాహమూర్తి గారు జాలిగా. “తక్కువకి ఒప్పుకున్నవాడు గట్టిగా కొట్టేస్తాడు. విరిగిందంటే మళ్ళీ పరిస్థితి మారిపోతుంది. అబ్బాయీ, నువ్వే ఎక్కడైనా మెట్లు జారి పడకూడదూ? మనవాడివి, ఆమాత్రం చెయ్యలేవా?”

అరవకుండా మాట్లాడమన్న సబీనా మాట కొర్లయ్య అప్పటికే మరిచిపోయాడు.

“మెట్లు జారడమేటండి! ఆ రోజు నేను మెట్లు జారేనా? మీరు రాకముందే మొదటి ఇన్నింగ్స్‌లో బ్యాటట్టుకుని దిగేను, బంతి కొట్టేను, పరిగెట్టి మొదటి బేసు మూల తొక్కితే మడతపడిపోనాది! మెట్లంట, మెట్లు!”

వరాహమూర్తి గారు నెమ్మదిగా శిక్షకుడి వైపు తిరిగారు.

“ఏమయ్యా మార్కండేయులూ, నేను రాకముందే ఆట మొదలైందా?”

“అంటే... ఏర్పాట్లలో భాగంగా, కొద్దిగా ఆడారండి,” అన్నాడు మార్కండేయులు.

“కొద్దిగా అంటే?”

“రెండు ఇన్నింగ్స్‌లండి.”

అధ్యక్షులు బాధపడ్డారు. కాని ప్రమీలారాణి ముఖం వికసించింది. ఆమె తప్పు దొరికినప్పుడు కోపగించే మనిషి కాదు. తప్పు ఒక క్రమంలో జరిగిందని తెలిస్తే సంతోషించే మనిషి. ఆమె లేచి నిలబడి అప్పటికప్పుడే తీర్మానం చెప్పింది: “విజయదినపు బెణుకు మొదటి బేసు మూలపై, బ్యాటింగు అనంతర పరుగునందు సంభవించినదని నేడు వెల్లడైనది. కావున అదే మార్గమున దానిని పునరుద్ధరింపవలెను. ఇందునిమిత్తము సదరు క్రీడాకారునకు మొదటి ఇన్నింగ్స్‌నందు ఒక్కసారి బ్యాటింగు చేయుటకు, బెణుకు ప్రయోజనార్థము మాత్రమే, అనుమతి ఇవ్వడమైనది.”

కొర్లయ్య తన చెవులను తానే నమ్మలేకపోయాడు. “అంటే... బ్యాటింగు సెయ్యొచ్చాండి?”

“చేయవచ్చును గాదు, చేయవలెను. కొట్టవలెను, పరుగెత్తవలెను, మొదటి బేసు మూలపై బెణికించుకొనవలెను.”

“బెణక్కపోతే?”

“విజయమును ఉద్దేశపూర్వకముగా అడ్డుకొన్నట్లు భావింపబడును. తమ ఒప్పందము మర్నాడే రద్దగును.”

బయటికి వచ్చాక మార్కండేయులు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఒరే, నీ మేలుకోరి చెప్తున్నాను. బంతిని పక్కకి తోసెయ్యి, బేసు మీద కొంచెం కుంటు. ఉద్యోగం ఉంటుంది. వచ్చే ఏడు చూసుకోవచ్చు.”

“వచ్చే ఏడు ఎంపికోళ్ళు వస్తారేటి గురువుగారూ?”

“రారు.”

“మరి కుంటమంటారేటి?”

మార్కండేయులు ఇప్పుడు ఎవరూ అడగకపోయినా చెవి గోక్కున్నాడు.

పోటీ రోజున ఎండ తీవ్రంగా ఉంది. విజయదినాన తాము లేని ఇన్నింగ్స్‌లలో ఉండకూడదు కనుక వరాహమూర్తి గారు కరిచే బూట్లతో, బజ్జీల పొట్లంతో, గేటు బయట కారులో కూర్చున్నారు. ఆయన స్థానంలో చూసిరమ్మని ప్రమీలారాణిని పంపవలసి వచ్చింది. ఆమె కూడా విజయదినాన ఆ ఇన్నింగ్స్‌లలో లోపల లేదు. కాని బెణుకును ధ్రువీకరించే అధికారి లేకపోతే బెణుకే చెల్లదని ఆమె తనకు తానే మినహాయింపు ఇచ్చుకుంది. మొదటి బేసుకు దగ్గరగా కంచెను ఆనుకుని నిలబడింది. ఎంపికదారులిద్దరూ షామియానా కింద మజ్జిగ తాగుతున్నారు.

కొర్లయ్య బ్యాట్ పట్టుకుని దిగాడు. ఇన్నాళ్ళూ తడిలో నానిన కాలు బూటులో చల్లగా, పరాయిదానిలా ఉంది. మొదటి బంతికి ఊపి తప్పాడు. షామియానా కింద ఒకాయన గ్లాసు కింద పెట్టాడు. రెండో బంతీ తప్పాడు. ఇంకొకటి తప్పితే అయిపోయినట్టే: బంతి తగలకుండా పరుగు లేదు, పరుగు లేకుండా ఎంపికా లేదు, బెణుకూ లేదు.

“కొట్టవలెను కొర్లయ్య గారూ!” అని కంచె దగ్గర నుంచి ప్రమీలారాణి కేక వేసింది. సీజన్ మొత్తంలో మండలి నుంచి అతనికి అందిన ప్రోత్సాహం అదొక్కటే.

మూడో బంతి నడుమెత్తున వచ్చింది. కొర్లయ్య కొట్టాడు. కర్రకు తగిలిన చప్పుడు గేటు బయట కారులోకి కూడా వినిపించిందంటారు. బంతి పిచర్ తల మీదుగా, చివరి ఫీల్డర్ తల మీదుగా, కంచె మీదుగా, రేవు గోడ మీదుగా పోయి నీళ్ళలో పడింది. ఆ ఏడాది రేవు నుంచి ఎగుమతి అయిన సరుకు అదొక్కటే.

జనం లేచి నిలబడ్డారు. లేవకూడదని గుర్తొచ్చిన కొందరు కూర్చుని, తట్టుకోలేక మళ్ళీ లేచారు.

కొర్లయ్య ఇక పరుగెత్తనక్కరలేదు. తాపీగా మొదటి బేసు వైపు నడిచాడు.

“మూల! మూల మీద!” అంది ప్రమీలారాణి, కంచె మీద వంగి.

అతను బేసు నడిమధ్యన, అరిపాదం మొత్తం ఆనించి తొక్కాడు.

“అది మూల కాదు కదా!”

“అవునండి, కాదు,” అని ముందుకు నడిచాడు.

ఆమె కంచె వెంబడి నడక మొదలుపెట్టింది. అతను రెండో బేసు తొక్కేటప్పుడు ఆమె చాలా దూరంలో ఉంది. కేక మాత్రమే వచ్చింది: “రెండవ బేసునందైనను అభ్యంతరము లేదు!” మూడో బేసు చేరేసరికి ఆమె చుట్టూ తిరిగి వచ్చి, రొప్పుతూ ఎదురుగా నిలబడింది. ఉత్తర్వుల భాష అప్పటికి ఆమెను విడిచిపెట్టింది.

“ఏమయ్యా, కొంచెం బెణికించుకుంటే నీ సొమ్మేం పోయింది? బయట కారులో ఆయనకి నేనేం చెప్పను? ఉద్యోగం పోతుందయ్యా నీకు!”

కొర్లయ్య మూడో బేసు మీద ఆగాడు. తెల్లబడిన కాలు మీద ఓసారి బరువంతా వేసి చూసుకున్నాడు.

“బెణకట్లేదండి,” అన్నాడు. “నానేటి సెయ్యను?”

అక్కణ్ణుంచి బయలుదేరిన చోటికి నడిచి వచ్చి, ఆ చోటును రెండు కాళ్ళతోనూ తొక్కాడు. తర్వాత తనంతట తానే బెంచీ మీద కూర్చుని, అడిగేలోగా కాలు బకెట్‌లో పెట్టాడు. మూడో ఇన్నింగ్స్‌లో వరాహమూర్తి గారు విచ్చేశారు. ఆయనకు పుష్పగుచ్ఛం ఇచ్చారు. అప్పటినుంచి ఆట ముగిసేదాకా మైదానంలో చూసేవాళ్ళెవరూ కదలలేదు.

చివరి స్కోరు: ఇనుపరేవు సింహాలు ఆరు, రేవుపట్నం కెరటాలు ఒకటి. మర్నాడు మండలి మైలపల్లి కొర్లయ్య ఒప్పందాన్ని రద్దు చేసింది. వారం తర్వాత జాతీయ జట్టును ప్రకటించారు. అందులో అతని పేరు ఉంది.